అరుగు మీద కాటుకమ్మ

ఎండలు ముదిరి అడవంచున గడ్డి కరువైనప్పుడు గుంటనక్క వీరాస్వామి కొత్తరకం సంత పెట్టాడు. అక్కడికి ఎవరూ వెళ్లక్కర్లేదు. చిలకలు గుమ్మంలోకొచ్చి సరుకును వర్ణిస్తాయి, సరేనంటే గాడిద మోసుకొచ్చి పడేస్తుంది. అమ్మేదెవరో మాత్రం కనపడరు.

గేదె కాటుకమ్మకు దూడ బెంగ. పాలు చాలక అది ఎముకలగూడైపోతోంది. లేత జొన్నగడ్డి అని చిలక ఊరించేసరికి, ఆ పూట పాలన్నీ ముందే ఇచ్చేసి మోపు తెప్పించింది. పైన నాలుగు పరకలు పచ్చన, లోపలంతా బూజు. తిన్న దూడ కడుపుబ్బి కూలబడింది.

ఒళ్లు పెరిగినంత బుర్ర పెరగలేదని తనను తానే తిట్టుకుంటూ కాటుకమ్మ వీరాస్వామి దగ్గరికెళ్లి మంచి మోపు ఇమ్మంది.

"నేనమ్మానా వదినా? నేను ఉత్త అరుగుని. అరుగు మీద ఎవరో కూర్చుని ఏదో అమ్మితే తప్పు అరుగుదా?"

అమ్మిందెవరంటే అది చెప్పకూడదన్నాడు. తగవు కాస్తా అడవి పెద్దమనిషి తాబేలు దగ్గరికెళ్లింది. అమ్మినవాడే జవాబు చెప్పాలి, చోటిచ్చినవాడికి సంబంధం లేదు, అడవి కట్టుబాటు అదేనని తాబేలు నసిగింది. వీరాస్వామి మీసం దువ్వాడు.

కాటుకమ్మ కాసేపు నెమరేసింది. తర్వాత తీరిగ్గా నడిచొచ్చి, వీరాస్వామికి వీపు తిప్పి, వెనక్కాళ్లు మడవసాగింది.

"ఏంటొదినా ఇది?"

"ఎండన పడొచ్చాను మరిదీ, కాళ్లు పీకుతున్నాయి. అరుగు కనపడింది, కూర్చుంటున్నా."

"మాటవరసకన్నానే!"

"అరుగులు మాట్లాడవు నాయనా," అంటూ ఇంకాస్త దిగింది.

వీరాస్వామి నడుము కలుక్కుమంది. "అరుగుని కాదు! ఎవరికి ఏ గడ్డి పంపాలో ఎంచేది నేను, మోపు కట్టేది నేను, పాలలో వాటా తీసేది నేను. అంగడి నాదే, లే తల్లీ!"

కాటుకమ్మ సగం లేచి తాబేలు వంక చూసింది. తాబేలు మెడ బయటికి సాచింది. "విన్నాంగా. ఇకనుంచి ప్రతి మోపు మీదా అమ్మేవాడి గుర్తుండాలి. గుర్తు లేని మోపు వీరాస్వామిదే, జవాబూ అతనిదే."

పొద్దువాలేలోగా వీరాస్వామి వంగిన నడుముతో పచ్చగడ్డి మోపు తానే మోసుకొచ్చి దించాడు. అప్పటికి కడుపుబ్బరం తగ్గిన దూడ, మోపు లోపలికి మూతి దూర్చి వాసన చూసి మరీ మేత మొదలుపెట్టింది.

నీతి: వాటా దగ్గర యజమాని అయినవాడు తప్పు దగ్గర అరుగు కాలేడు.