వాగులో పోసిన మట్టి

కూతురు లేని ఇంట్లో ఖాసింవలికి అన్నం సయించడం లేదు.

పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసాన్ని పెరట్లో కరిగించి అమ్మడం అతని పని. ఏళ్ల తరబడి ఆ పొడీ, బూడిదా, యాసిడూ పెరటి మట్టిలోనే ఇంకిపోయాయి. ఆ మట్టితోనే కూతురు షంషాద్ బొమ్మరిళ్లు కట్టుకునేది. కొన్నాళ్లుగా ఆ పిల్ల ఊరికే కడుపునొప్పని ఏడుస్తోంది. నిన్న దిద్దిన అక్షరం ఇవాళ గుర్తుండడం లేదు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, బిడ్డ ఒంట్లో సీసం చేరిందని చెప్పింది. పెరట్లో మట్టంతా తీసేసేదాకా పిల్లను ఆ ఇంట్లో ఉంచొద్దంది.

భార్య మాబున్ని అదే రోజు పిల్లను తీసుకుని వాళ్ల అన్న ఇంటికి వెళ్లిపోయింది.

ఖాసిం సీసం కరిగించే పొయ్యి పగలగొట్టేశాడు. పని మానుకుని, ఊరి బయట గుట్ట మీద దర్గాలో ఉండే ముసలి ఫకీరు జలాల్ షా హజ్రత్ దగ్గర చేరాడు. ఆవరణ ఊడ్చేవాడు, వచ్చినవాళ్లకు నీళ్లందించేవాడు. ఎవరి పిల్లయినా తండ్రిని "అబ్బా" అని పిలిస్తే చీపురు ఆపి అటు చూసేవాడు.

ఒకరోజు హజ్రత్ ముందు మోకరిల్లాడు.

"దువా చెయ్యండి హజ్రత్. నా బిడ్డ తొందరగా ఇంటికి రావాలి."

"వస్తే ఎక్కడ ఆడుకుంటుంది?" అని అడిగాడు ముసలాయన.

ఖాసిం ఇంటికి వెళ్లి గడ్డపార అందుకున్నాడు. పెరడంతా మోకాటి లోతున తవ్వాడు. నల్లటి ఆ మట్టిని తోపుడుబండిలో వేసుకుని, ఊరి చివర వాగులో పోసి వచ్చాడు. అలా ఎన్ని బండ్లు తోశాడో అతనికే తెలియదు. గుట్ట వెనక నుంచి ఎర్రమట్టి తెచ్చి పెరట్లో పరిచాడు. చూరు కింద షంషాద్ పాత చెప్పులు కనబడితే కడిగాడు. మళ్లీ కడిగాడు. అవి ఇక తొడగనివ్వలేనని తెలిసి కూడా ఎండలో ఆరబెట్టాడు.

బావమరిది ఇంటికి ఫోన్ చేసి, "మట్టంతా తీసేశానమ్మా. నువ్వు రావడానికి ఇంకెన్నో రోజులు పట్టదు" అని కూతురికి చెప్పాడు.

తర్వాత దర్గాకి పరుగెత్తాడు.

"పెరడు శుభ్రమైంది హజ్రత్. ఒక్కసారి వచ్చి చూడండి. మీరు చూశాక వెళ్లి పిల్చుకొస్తాను."

హజ్రత్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎర్రమట్టి మీద కాసేపు నిలబడ్డాడు.

"బాగుంది. పాత మట్టి ఏదీ?"

"వాగులో పోశాను."

"చూద్దాం పద."

ఎండాకాలం. వాగు ఒక పక్కన సన్నగా పారుతోంది. ఒడ్డున ఖాసిం పోసిన నల్లమట్టి కుప్పలు సగం కరిగి నీళ్లలోకి జారిపోయాయి. కొంచెం దిగువన, ఇసుకలో చెలమ తోడుకుని ఒక పిల్ల చెంబుతో బిందె నింపుకుంటోంది. షంషాద్ ఈడుదే.

హజ్రత్ వెళ్లి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"దాహంగా ఉందమ్మా."

పిల్ల చెంబు వంచింది. ముసలాయన దోసిలి నిండింది. దోసిలి నోటి దాకా వెళ్లేలోపు ఖాసిం ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. నీళ్లు గడ్డం మీదుగా ఒళ్లో పడ్డాయి.

"తాగొద్దు హజ్రత్."

పిల్ల తెల్లబోయింది. "మంచినీళ్లే తాతా. మేమందరం ఇవే తాగుతాం."

హజ్రత్ గడ్డం తుడుచుకున్నాడు. ఖాసిం వైపు చూశాడు.

"దువా ఏ బిడ్డకి చెయ్యమంటావు?"

ఖాసిం వంగి బిందెలో నీళ్లు ఇసుకలో పారబోశాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "రా అమ్మా, వేరే నీళ్లు నింపిస్తా" అని ఖాళీ బిందె తన భుజాన పెట్టుకుని ఆ పిల్ల వెంట దిగువ ఊరికి నడిచాడు. అక్కడ బోరింగు కొట్టి బిందె నింపాడు. గుమిగూడినవాళ్లకు తను చేసింది చెప్పాడు. ఒకతను అతని చొక్కా పట్టుకున్నాడు. ఒక తల్లి, ఆ నీళ్లు తాగిన పిల్లలకు ఏమవుతుందని అడిగింది. తన బిడ్డకు ఏమైందో ఖాసిం తల దించుకుని చెప్పాడు. ఆ చెలమ జోలికి వెళ్లొద్దని, పిల్లలకు పరీక్షలు చేయించమని, తనూ వెంట వస్తానని చేతులు జోడించాడు.

తిరిగొచ్చేసరికి హజ్రత్ కుప్ప పక్కన కూర్చుని, చేతులతో నల్లమట్టిని నీళ్లకు దూరంగా లాగుతున్నాడు. ఖాసిం ఆయన్ని లేపి, చేతులు రుద్ది కడిగాడు. ఇంటి నుంచి పార, తోపుడుబండి తెచ్చుకుని తనే ఎత్తడం మొదలుపెట్టాడు.

దొరికినంత మట్టీ మళ్లీ బండికెక్కింది. విషపు చెత్తను పూడ్చే చోటికి లారీలో పంపిస్తామని ఖాసిం వెళ్లి కలిసిన కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్లు అన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. అప్పటిదాకా అది పడి ఉండడానికి ఖాసింకి తెలిసిన జాగా ఒక్కటే. పెరట్లో తను పరిచిన ఎర్రమట్టి మీద దళసరి పట్టా వేశాడు. దాని మీద నల్లమట్టి పోసి, పైన ఇంకో పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాడు.

ఆఖరి బండి దించి చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"అబ్బా, మట్టి తీసేశానన్నావు కదా. రేపు వచ్చేదా?"

అతను పట్టా కప్పిన కుప్ప వైపు చూశాడు.

"మళ్లీ వచ్చిందమ్మా మట్టి."

"ఎవరు తెచ్చారు?"

"నేనే."

"ఎందుకు అబ్బా?"

"నేను పోసినచోట ఒక పాప నీళ్లు తోడుకుంటోంది. నీ అంతే ఉంటుంది."

అటువైపు షంషాద్ ఊపిరి వినబడుతోంది. ఏడుస్తుందేమోనని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఆ పాప పేరేంటి?" అంది.

ఖాసింకి తెలియదు.

"రేపు అడిగి చెప్తానమ్మా," అన్నాడు.