వాడని బిందె

ఘాట్ రోడ్డు దిగగానే మొదటి మలుపులో ఉన్న ఇంట్లో ముగ్గురు ఉండేవారు. అప్పలసూరి, అతని తమ్ముడు గవరయ్య, అప్పలసూరి పెళ్ళాం పైడమ్మ. తెలివంటే తమదేనని ముగ్గురికీ గట్టి నమ్మకం.

పైడమ్మ బాధల్లా ఒక్కటే. బ్రేకులు పడని లారీలు మలుపు తిరక్కుండా నేరుగా వచ్చి ఆమె వంటింటి గోడని గుద్దేవి. రెండేళ్ళలో మూడుసార్లు గోడ కట్టించుకుంది. నాలుగోసారి గోడతోపాటు తనూ పోతానని భయం. ఇదొక్కటి మాత్రం తెలివైన భయమే.

ఓ రోజు రోడ్ల ఇంజనీరు వచ్చాడు.

"ప్లాస్టిక్ కరిగించి ఇక్కడ రెయిలింగ్ వేస్తాం. లారీ తగిలితే వంగుతుందే గానీ విరగదు. ఇంటికో బస్తా వాడిన ప్లాస్టిక్ ఇవ్వండి."

ఆయన అటు వెళ్ళగానే పైడమ్మ తన ఎర్ర బిందెని నొక్కి చూసింది. "ఇది వాడలేదయ్యా. నిగనిగలాడతంది."

"ఎండలో పెట్టు వొదినా. తోటకూర వాడిపోతాది, బిందెకేటి రోగం?" అన్నాడు గవరయ్య.

అంతే. బిందెలు, బకెట్లు, మగ్గులు అన్నీ ఎండకెక్కాయి. నీళ్ళు తగిలితే మళ్ళీ తేరుకుంటాయని మూడు రోజులు ఇంట్లో ఎవరూ స్నానం చెయ్యలేదు. అయినా బిందె వాడలేదు.

"మొండిది. దీనికి పొయ్యి సెగ తగలాల," అన్నాడు అప్పలసూరి.

ఇంకేముంది, పొయ్యి మీద పెట్టారు. బిందె మెడ వాల్చింది, నడుం వంచింది, పొయ్యిలోకి దిగి గడ్డకట్టింది.

"వాడిందయ్యో!" అని పైడమ్మ చప్పట్లు కొట్టింది.

ఎంత లాగినా బిందె ఊడి రాలేదు. అందుకని పొయ్యినే పెకలించి బస్తాలో వేశారు. ఇంజనీరు బస్తా విప్పి చూసి, మళ్ళీ మూతి కట్టి వాళ్ళకే ఇచ్చేశాడు. చివరికి పక్క ఊళ్ళ బస్తాలతో రెయిలింగ్ లేచింది.

"ఇంక భయం లేదమ్మా. భారమంతా దీని మీద వేసి నిశ్చింతగా పడుకో," అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ముగ్గురూ నడుం బిగించారు. రుబ్బురోలు, ధాన్యం బస్తాలు, ఇనప్పెట్టె రెయిలింగ్ మీదికెక్కాయి.

"భారమంతా అన్నాడు గదా. ఇంకేటి మిగిలింది?" అన్నాడు గవరయ్య.

పైడమ్మ ఇల్లంతా కలయజూసింది. అన్నిటికన్నా బరువైంది వంటింటి గోడే. మధ్యాహ్నానికల్లా దాన్ని ఇటుక ఇటుకా విప్పి రెయిలింగ్ మీద పేర్చారు. గోడ లేని వంటింట్లో చాపలు పరుచుకుని నిశ్చింతగా పడుకున్నారు.

కన్ను మూతపడిందో లేదో, లారీ వచ్చి రెయిలింగ్‌ని గుద్దింది. రెయిలింగ్ వంగింది, లారీ ఆగింది. ఇటుకలు మాత్రం ఎగిరొచ్చి చాపల చుట్టూ దబదబా పడ్డాయి.

పైడమ్మ లేచి దుమ్ము దులుపుకుంది. లారీని చూసింది, ఇటుకల్ని చూసింది. గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ముందే విప్పుకున్నాం కాబట్టి సరిపోయింది. లేపోతే ఈ పాటికి గోడ కూలిపోయేది!"