లంకలో వాటా అడిగిన నక్క

గోదావరి సముద్రంలో కలవబోయే చోట, రెండు పాయల నడుమ ఒక లంక ఉండేది. అందులో సూరమ్మ అనే గేదె తన దూడతో కాపురముండేది. ఒంటి నిండా బురద, కడుపు నిండా గడ్డి ఉంటే ఆవిడకి ఇంకో ఆశ లేదు.

ఒక ఏడు వరదలో కొండల వైపు నుంచి ఒక మొద్దు కొట్టుకొచ్చింది. దాని మీద చిక్కి సగమైన నక్క, పేరు జంబన్న. సూరమ్మ జాలిపడి, నీళ్లు తగ్గేదాకా ఉండమంది. నీళ్లు తగ్గాయి గానీ జంబన్న కదల్లేదు.

కొత్తవాడు కదాని సూరమ్మ ఆ చోటి సంగతులు చెప్పబోయింది. కొండల్లో దూకుడుగా వచ్చే ఏరు ఇక్కడ నేల చదునై నెమ్మదిస్తుందనీ, మోసుకొచ్చిన ఒండ్రు దింపేసి పాయలుగా చీలుతుందనీ, పాయల మధ్య తేలిన దిబ్బ లంక అనీ, పాయ సముద్రంలో పడే చోటు మొగ అనీ, ఇదంతా కలిపితే డెల్టా అనీ వివరించింది. జంబన్న ఆవలించాడు.

"పేర్లు చెప్పుకుంటే కడుపు నిండుద్దా అత్తా? నేలంటే నేలే."

నెల తిరక్కుండానే ఏకు మేకై, లంకలో సగం వాటా కావాలన్నాడు. ముసలి నీటికాకిని పెద్దమనిషిగా కూర్చోబెట్టి పంచాయతీ పెట్టించాడు. ఎగువ సగం గట్టి మెరక. మోకాలెత్తు పచ్చిక, దాన్నిండా ఎలకలు. దిగువ సగం పిక్కల దాకా దిగే బురద, నాలుగు తుంగ దుబ్బులు. జంబన్న నడిమి తుమ్మచెట్టును హద్దు చేసి, మెరక తనదన్నాడు.

దూడ మేత పోతుందని సూరమ్మకి భయం వేసింది. అయినా ఉన్న మాటే చెప్పింది.

"మెరకని చూసి మోజు పడకబ్బాయ్. లంకకి తల దగ్గర కోత, తోక దగ్గర మేట. ఎగువ ఏరు కొరుకుద్ది, దిగువ ఒండ్రు పోస్తది. ఎగువలో సగం, దిగువలో సగం చెరొకరికీ వచ్చేలా కలిపి పంచుకుందాం."

నమ్మి చెప్పిన మాట నక్కకి ఎత్తులా వినబడింది. పచ్చిక దక్కించుకోడానికి గేదె కథలల్లుతోందనుకున్నాడు. తాడిని తన్నేవాడి తల తన్నేవాణ్ణి, నా దగ్గరా అని లోలోపల నవ్వుకున్నాడు.

"పెరిగినా తరిగినా ఎవరి సగం వాళ్లదే. నా వైపు నీ డెక్క పడకూడదు, నీ వైపు నా పంజా పడదు. గోదారి సాక్షి."

"ఆయ్, అలాగే కానీ," అంది సూరమ్మ.

ఏరు తెలిసినా ఆకలి ఆకలే. మరుసటి వేసవి దూడ డొక్కలు లోపలికి పోయాయి. సూరమ్మ మెడలోతు నీళ్లలో దిగి నాచు తెచ్చి పెట్టింది. ఒకసారి తల వంచుకుని నాలుగు పరకలు అడిగితే, మాట మాటేనన్నాడు జంబన్న. ఆ రోజు ఆవిడ ఏడ్చింది.

శ్రావణంలో వరద వచ్చింది, భాద్రపదంలో ఇంకోటి. ఎగువ గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి ఏట్లో పడింది. ముందు జంబన్న బొరియ పోయింది, తర్వాత పచ్చిక పోయింది. కార్తీకం వచ్చేసరికి వాడి వాటా చాపంత మిగిలింది. దిగువన మాత్రం మేట మీద మేట పడి, బురద ఆరి, కనుచూపు మేర లేత గడ్డి మొలిచింది. దూడ అందులో గెంతుతుంటే ముసలి నీటికాకికి కూడా ముచ్చటేసింది.

జంబన్న తుమ్మచెట్టు దగ్గర నిలబడి గొంతు మెత్తన చేశాడు.

"అత్తా, నా నేలంతా పోయింది. నువ్వన్నట్టే కలిపి పంచుకుందాం."

సూరమ్మ నెమరు ఆపకుండానే చెప్పింది.

"నీ నేలెక్కడికీ పోలేదబ్బాయ్. ఏరు దాన్ని తెచ్చి నా వైపు పోసింది. ఎవరి సగం వాళ్లదన్నది నువ్వే."

నీటికాకి తీర్పు అవసరం లేకపోయింది. సముద్రం పోటు పోయి పాటుకి తీసి, పాయలో నీరు తగ్గగానే, జంబన్న అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ పోయాడు.

ఏటి తీరు నేర్చుకోనివాడికి ఏటి నడుమ చోటు నిలవదు.