సాలగ్రామం వయసు

“గురువుగారూ, మా ఇంట్లో సాలగ్రామం దేవుడా, నత్తగుల్లా?”

బందరులో భుజంగరావు పంతులుగారిని ఆయన శిష్యుడు అచ్యుతం ఈ మాట అడిగాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు సీమ పండితులు కొందరు తాతలనాటి సృష్టి కథలన్నిటినీ తిరగరాస్తున్నారు. సాలగ్రామంలో కనిపించే చక్రాలు లక్షల ఏళ్ళ కిందట సముద్రంలో బతికిన ప్రాణి గుల్లవని, వాళ్ళ పుస్తకం ఒకదానిలో బొమ్మతో సహా ఉంది. పుస్తకం ఇచ్చింది పంతులుగారే. అది చదివిన రెండు రోజులుగా అచ్యుతం పూజపెట్టె మూత తియ్యలేదు. నమ్మకం లేకుండా మంత్రం చదివితే అబద్ధమాడినట్టే. చదవకపోతే ఏ పాపం చుట్టుకుంటుందోనని భయం.

చిక్కు ప్రశ్న ఎదురైతే జవాబు చెప్పకుండా కండువా భుజాన వేసుకుని బయల్దేరడం పంతులుగారి అలవాటు.

“పద, ఆ రాయి చూద్దాం” అన్నారు.

అచ్యుతానికి పైప్రాణాలు పైనే పోయాయి. వితంతు వివాహంలో భోంచేసి వెలిపడ్డ మనిషి, అమ్మ ముందు ఏం అనేస్తారో! అమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? దారంతా బతిమాలుతూనే నడిచాడు.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పంతులుగారు లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నారు. మంచినీళ్ళు తెస్తున్న అచ్యుతం తల్లి పేరిందేవమ్మ గడప దగ్గర తూలి, ద్వారబంధం పట్టుకుంది.

“అమ్మగారూ, భోజనమైందా?” అన్నారు పంతులుగారు.

“ఇంకా తీర్థం పుచ్చుకోలేదండీ. అది పుచ్చుకోందే ముద్ద ముట్టను. ఆడదాన్ని, నేను ఆ సాలగ్రామాన్ని ముట్టకూడదాయె. అబ్బాయికేమో మొన్నట్నుంచీ పూజకు తీరిక చిక్కలేదు.”

అచ్యుతం నిర్ఘాంతపోయాడు. ఈ రెండు రోజులూ అమ్మ తనకు కొసరి కొసరి వడ్డించింది. నువ్వు తిన్నావా అని తను ఒక్కసారీ అడగలేదు. సిగ్గూ భయమూ కలిసి నోరు ఆగింది కాదు.

“అమ్మా, అది దేవుడు కాదే! లక్షల ఏళ్ళ కిందటి నత్త!”

పేరిందేవమ్మ ముక్కున వేలేసుకుంది.

“అంత పెద్దాయన్నా నాయనా, రెండు రోజులు నీళ్ళయినా పొయ్యకుండా ఉంచావు?”

అచ్యుతం నూతి దగ్గర గబగబా నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకుని, తడిబట్టతోనే పెట్టె ముందు కూర్చున్నాడు. మూత తీశాడు. చెంబు ఎత్తి, పొయ్యబోతూ ఆగాడు.

“ఇప్పుడు నేను నీళ్ళు పోసేది ఎవరికి గురువుగారూ?” అని లోపల్నుంచే అడిగాడు.

పంతులుగారు అరుగు దిగి కండువా దులుపుకున్నారు.

“రాయి వయసు చెప్పావు, సరే. రెండు రోజులుగా ఆ నీళ్ళ కోసం పస్తున్న మీ అమ్మకెన్నేళ్ళోయ్?”