పదిహేడో టోకెను

వానలు మొదలవగానే ఆ అడవిలో జ్వరాలూ పుళ్లూ మొదలయ్యాయి. వైద్యం తెలిసింది ముసలి కొండముచ్చు ఒక్కదానికే. రాతిగుహలో కూర్చుని రోగుల్ని చూసేది. అందరూ డాక్టరమ్మ అనేవాళ్లు. గుహ బయట కొమ్మ మీద కాకి కాపలా. ఎవరొచ్చినా వచ్చిన వరసలో, ముక్కుతో గాట్లు పెట్టిన మోదుగాకు కిందకి జారవిడిచేది. అదే టోకెను.

ముందు వారం ఒక జింక టోకెను పట్టుకుని కూర్చున్నచోటే ప్రాణం వదిలింది. అప్పట్నించీ డాక్టరమ్మకు తిండి సహించడం లేదు.

"ఇక వరస ఒక్కటే చూడకు," అంది ఆ పొద్దున కాకితో. "ప్రాణం మీదికొచ్చినవాళ్లని ముందు పంపు."

"ఎవరి ప్రాణం మీదికొచ్చిందో నాకెలా తెలుస్తుందమ్మా?"

"కొమ్మ దిగి చూడు. దగ్గరికెళ్లి అడుగు."

కాకికి బద్ధకం. ఇంతమందిని ఎవరు పలకరిస్తారు? బాధ ఎక్కువైతే వాళ్లే అరుస్తారులే అనుకుంది.

ఈ మాటలు నక్క వింది. దాని ఒక చెవిలో కురుపు, రెండో చెవి భేషుగ్గా ఉంది. చేతిలో ముప్పై ఒకటో టోకెను. ఇంకేం, దబ్బున నేల మీద పడి దొర్లడం మొదలుపెట్టింది.

"అమ్మో! నాగుపాము! కాలి మీద కాటేసింది! చచ్చిపోతున్నా!"

"తప్పుకోండి, దారివ్వండి!" అని కాకి రెక్కలు కొట్టింది. నక్క కుంటుకుంటూ లోపలికి పోయింది.

వరసలో పదిహేడో టోకెను గేదెది. దాని వెనకే కుందేలు.

"గేదత్తా, నోట్లోంచి ఆ చొంగేంటి?"

"ఏమో తల్లీ... పొద్దున వాగు దగ్గర ఏదో కరిచింది. రెప్పలు నిలవట్లేదు."

"మరి చెప్పవేం?"

"అందరూ బాధతోనే వచ్చారు కదా. నా వంతు... వస్తుందిలే."

మాట పూర్తవుతూనే గేదె ముందుకాళ్లు మడతపడ్డాయి.

కుందేలు ఒక్క పరుగున గుహ దగ్గరికెళ్లింది. "కాకిమావా, గేదత్త పడిపోయింది! పాము కరిచింది!"

"లోపల పాము కేసే నడుస్తోంది, ఆగు. అయినా అంత కాటు పడితే అరవలేదేం?"

కుందేలు ఆగలేదు. అడ్డంగా వాలిన కాకి రెక్క కిందనుంచి దూరి లోపలికి దూకింది.

డాక్టరమ్మ విరుగుడు వేరు నూరి, దొన్నె నక్క నోటి దగ్గర పెట్టింది. కుందేలు చెప్పింది విని ఆమె చెయ్యి ఆగిపోయింది. వేరు ఉన్నది అదొక్కటే. ఇంకోటి కావాలంటే కొండెక్కి రావాలి, సాయంత్రమవుతుంది. బయటినుంచి గేదె గురక వినబడుతోంది. గురకకీ గురకకీ మధ్య ఎడం పెరుగుతోంది.

"ముందొచ్చింది నేను! నాకే పొయ్యండి!" నక్క అరిచింది.

డాక్టరమ్మ దాని కాలు చూసింది. చిన్న గీత. ముల్లో, పాము కోరో తేల్చుకునే వ్యవధి లేదు. తను పొరబడితే ఒక ప్రాణం పోతుంది. చచ్చిన జింక కళ్లు గుర్తొచ్చాయి. దొన్నె పక్కన పెట్టి, పదునైన పలుగురాయి అందుకుంది.

"నక్కా, నీ గొంతు ఖంగున మోగుతోంది. అంటే విషం ఇంకా పైకెక్కలేదు. మందుతో పనిలేదు, కాలు తీసేస్తే బతుకుతావు. కాకీ, వచ్చి గట్టిగా పట్టుకో!"

"కాలా?"

"తొడ దాకా. ఆలస్యం చేస్తే నడుం దాకా."

నక్క నాలుగు కాళ్ల మీదా లేచి నిలబడింది. "ముల్లు డాక్టరమ్మా! ముల్లే! ఇప్పుడే గుర్తొచ్చింది!"

ఆ మాట పూర్తిగా వినకుండానే డాక్టరమ్మ దొన్నెతో బయటికి పరిగెత్తింది. ఎలుగుబంటి గేదె దవడ విడదీసి పట్టుకుంటే మందు పోసింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. అప్పుడు గేదె రెప్ప కదిలింది.

"నా వంతు వచ్చిందా?" అంది నీరసంగా.

కాకి తల దించుకుంది. తర్వాత వరస చివరికి నడిచివెళ్లి, ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ అడగడం మొదలుపెట్టింది. "ఎప్పట్నించి? ఊపిరి ఆడుతోందా? ఏదైనా కరిచిందా?"

ఆ సందట్లో జారుకున్న నక్క, కురుపు సలుపుతుంటే మెల్లగా వెనక్కి వచ్చింది. కాకి దాని చెవిలోకి తొంగిచూసి, కొత్త ఆకు చేతిలో పెట్టింది. "ఇది ఆగుతుంది. చివర్న నిలబడు." నక్క నోరెత్తకుండా వెళ్లి నిలబడింది. పక్కనున్న ముళ్లపంది రెండడుగులు దూరం జరిగింది.

అరిచేవాళ్ల గోడు చెవిన పడుతుంది. అరవలేనివాళ్ల గోడు మనమే వెళ్లి కనుక్కోవాలి.