పిలుపులమ్మ లంక

గోదావరి నడుమ చిన్న లంక, లంక నిండా రాతిగుట్ట. రేవులో పడవెక్కితే కాసేపట్లో దిగొచ్చు. గుట్ట మీద గోపురం లేదు, ప్రాకారం లేదు. పసుపు రాసిన ఒక బండ, దాని మీద రేకుల పందిరి. ఆ బండే పిలుపులమ్మ తల్లి. కింద, పడమటి వైపు నీటి అంచున, మనిషి పట్టేంత రాతి సందు ఉంది. దర్శనానికి వచ్చినవాళ్లు ముందు ఆ సందు చూసి, తర్వాతే పైకెక్కుతారు.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, మనుషుల అలికిడీ లేదు. అవతలి గట్టున పడవ నడుపుకునే పెంటయ్యకి కొత్తగా పెళ్లయింది. ఆషాఢమంతా పుట్టింట్లో ఉన్న పెళ్లాం అచ్చియ్యమ్మ శ్రావణం రాగానే తిరిగొచ్చింది. "ఒక్కరోజు పనీపాటా మానేసి హాయిగా తిరిగొద్దాం" అని ఆమెని పడవెక్కించి ఈ గుట్టకి తీసుకొచ్చాడు. అత్త సూరమ్మ పులిహోర మూట కట్టి ఇచ్చింది.

తిన్నారు, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. పెంటయ్యకి చిలిపితనం ఎక్కువ.

"ఎప్పుడూ ఏవయ్యా, ఇదిగో అనడమేనా? నాకూ ఓ పేరుంది."

"మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందంట. మీ అమ్మే చెప్పింది."

"అయితే దాక్కుంటా. పేరు పెట్టి పిలిచేదాకా రాను, చూస్కో."

అంటూనే మాయమయ్యాడు. అచ్చియ్యమ్మ నవ్వుకుంటూ రాళ్లన్నీ వెతికింది. దొరకలేదు. బయటికి రప్పిద్దామని "అమ్మో, పాము" అని అరిచింది.

"దాన్నైనా పేరు పెట్టి పిలువు" అని నవ్వు వినిపించింది. ఆ రాళ్ల మధ్య మాట ఎటునుంచి వస్తోందో తెలీదు.

పైనుంచైతే కనిపిస్తాడేమోనని ఆమె కొనదాకా ఎక్కింది. బండ దగ్గర నిలబడి చూసింది. ఎగువ నుంచి ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతూ దూసుకొస్తున్నాయి. చూస్తుండగానే తాడు తెంచుకుని పడవ కొట్టుకుపోయింది.

"వరదొస్తోందయ్యా, పైకి రా."

"ఇందాక పాము, ఇప్పుడు వరదా?"

అతను దాక్కున్న సందుకి అడ్డంగా బండరాయి ఉండడంతో లోపలున్నవాడికి నది కనపడలేదు. ఆమె బతిమాలింది, ఒట్టు పెట్టింది, ఏడ్చింది. "ఏడుపు బాగానే వచ్చిందే" అన్నాడు. కింద రాళ్లు ఒకటొకటిగా మునిగిపోతున్నాయి. పలికితే అతని ఆయుష్షు తరుగుతుంది. పలక్కపోతే ఈ క్షణమే పోతుంది. అచ్చియ్యమ్మ తాళి కళ్లకద్దుకుని, పసుపు చేతులు బండకి ఆనించి, "తల్లీ, తరిగేదేదో నాది తరగనీ" అని మొక్కింది.

"పెంటయ్యా" అని పిలిచింది.

గెలిచానన్న నవ్వుతో అతను బయటికొచ్చాడు. అతని వెనకే నీళ్లు సందులోకి దూరాయి. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మోకాళ్ల మీద పాకుతూ పైకెక్కి ఆమె పక్కన పడ్డాడు.

పొద్దుగూకే వేళకి వరద తీసింది. జాలర్ల పడవలో సూరమ్మ వచ్చింది. అచ్చియ్యమ్మ ఆమె కాళ్ల మీద పడింది.

"తప్పయిపోయింది అత్తా. పేరు పలికేశాను."

సూరమ్మ కోడల్ని లేవదీసింది. "పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే, వీణ్ణి పెంట మీద పొర్లించి ఆ పేరు పెట్టుకున్నానే. బతకాలనే కదా పెట్టింది. నాకే బుద్ధి లేక నీ నోరు కట్టేశాను."

ఆ రాత్రి సూరమ్మకి అమ్మవారు కలలో కనిపించింది. "నీ కోడలు మొక్కిన బండలో నేనున్నాను. నా ముందు ఏ ఆడదీ మొగుడి పేరు మింగకూడదు" అని చెప్పింది. తెల్లారగానే సూరమ్మ స్వయంగా వచ్చి బండకి పసుపు రాసింది.

అప్పటి నుంచి శ్రావణంలో కొత్తజంటలు ఇక్కడికి వస్తున్నాయి. పెళ్లికొడుకు కింద సందు దగ్గర నిలబడాలి. పెళ్లికూతురు పైన అమ్మవారి బండ దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవాలి. వినపడేదాకా అతను కదలకూడదు. "గట్టిగా పిలవవే, సిగ్గు గోదాట్లో పడెయ్" అని వదినలు ఆటపట్టిస్తారు. అలా పిలిచి కలుసుకున్న జంటకి నీటిగండం ఉండదని నమ్మకం.

భర్త పోయిన ఆడవాళ్లూ వస్తారు. అమ్మ సన్నిధిలో వాళ్లకి అడ్డు లేదు. బండ పక్కన నిలబడి, ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తారు. ఆ కాసేపూ కింద సందు దగ్గర ఎవరూ నిలబడరు. ఆ చోటు ఖాళీగా ఉంచుతారు.