చుక్కల్లో సూరమ్మగారు

దాక్షాయణమ్మగారు ధ్యానం నేర్పుతారే గానీ, ఆమెకు ఓపిక తక్కువ. ఇది చాటున అనుకునే మాట కాదు. మొదటి రోజునే ఆమె స్వయంగా చెబుతారు. మెడికల్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం బోధించి రిటైరయ్యాక, తెనాలిలో సొంత ఇంటి ముందు హాల్లో చాపలు పరిచి, డాక్టర్లు పంపినవాళ్ళకు ఊపిరి మీద, ఒంటి మీద, ఆ క్షణంలో ఉన్నదాని మీద ధ్యాస నిలపడం నేర్పుతున్నారు. అక్కడ అగరువత్తులుండవు, పాదాభివందనాలుండవు. ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే ఆమె జవాబు చెప్పరు. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకుంటారు. మూడోసారి కూడా అడిగితే, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెబుతారు.

ఆ రోజు మూడోసారి అడిగింది విమలాదేవి. ఆమె కెమిస్ట్రీ లెక్చరరు. ఏడాదిగా చెవుల్లో ఆగని హోరు.

"మేడమ్, ఇంత సాధన చేసినా హోరు పోనప్పుడు, ఈ సాధన దేనికి?"

గొంతులో గౌరవం ఉంది. దాని కింద విసుగు కూడా ఉంది. మేమంతా చాపల మీద సర్దుకుని కూర్చున్నాం. దాక్షాయణమ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "పానకాలరావు సంగతి చెబుతాను. పేరు పెట్టే చెప్పుకోమని ఆయనే అన్నాడు," అని మొదలుపెట్టారు. ఆమె చెప్పింది ఇది.

పానకాలరావుది మంగళగిరి. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. తాళి కట్టే వేళ పెళ్ళికూతురు తల వంచుకుని నవ్వు ఆపుకుంటోందో, ఏడుపు ఆపుకుంటోందో ఆమె కన్నతల్లికన్నా ముందు అతనికే తెలుస్తుందని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. నలభై దాటాక ఒక మామూలు ఉదయం, పళ్ళు తోముకుంటూ పెరటి గోడ వైపు చూస్తే గోడ కదిలినట్టయింది. కదిలింది గోడ కాదు, దాని మీద సన్నని చుక్కలు. సిగ్నల్ పోయిన పాత టీవీ తెర మీద ఇసుక రేగినట్టు, ఎటు చూస్తే అటు రేగుతున్నాయి. కళ్ళు కడుక్కున్నాడు. మూసుకున్నాడు. మూసిన రెప్పల వెనక కూడా అవే. కొద్ది రోజులకు ఎండ సూదుల్లా గుచ్చడం మొదలైంది. బల్బు వైపు చూసి తల తిప్పితే ఆ బల్బు కూడా చూపు వెంటే వచ్చేది.

గుంటూరులో కంటి డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. విజయవాడలో స్కానింగు తీసి తలలో ఏ లోపమూ లేదన్నారు. "అన్నీ బాగుంటే మరి నాకు బాగాలేనిది ఏమిటి?" అని రిపోర్టు చేతికిచ్చిన అమ్మాయి మీద పానకాలరావు అరిచాడు. బంధువులు క్యారెట్ రసం తాగమన్నారు, పొన్నగంటి కూర తినమన్నారు, ఫోను చూడటం మానమన్నారు. అన్నీ చేశాడు. చివరికి హైదరాబాదులో ఒక నరాల డాక్టరు అతను చెప్పినదంతా విని, "మీరు చెప్పేది భ్రమ కాదు. చూపులో పుట్టే రొదను మెదడు మామూలుగా పక్కకు నెట్టేస్తుంది. మీ మెదడు ఆ పని సరిగ్గా చెయ్యడం లేదు. దీనివల్ల చూపు పోదు. కానీ దీన్ని పోగొట్టే మందు నా దగ్గర లేదు. దీనితో బతకడం కాస్త తేలిక చేసే శిక్షణ ఒకటుంది," అని దాక్షాయణమ్మగారి అడ్రసు రాసిచ్చాడు.

ఈలోగా ఇల్లు మారిపోయింది. కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించాడు. ఇంట్లో కూడా నల్ల కళ్ళద్దాలే. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ వేరేవాళ్ళకు అప్పగించి, కెమెరాను బీరువాలో పెట్టేశాడు. భార్య సౌభాగ్యం మొదట్లో కన్నీళ్ళు పెట్టుకుంది. తర్వాత ఆమెకూ విసుగొచ్చింది. "ఏమండీ, ఇది ఇల్లా, ఫిల్ము కడిగే గదా? కందిపప్పేదో రాయేదో నాకు కనపడి చావటం లేదు," అనేది.

తెనాలిలో మొదటి శనివారమే దాక్షాయణమ్మగారు కళ్ళద్దాల సంగతి తేల్చారు. "చీకటికి అలవాటు పడ్డ కంటికి చిన్న దీపం కూడా మండుటెండే. ఇంట్లో ఉన్నప్పుడు రోజూ కాసేపు తియ్యండి. మెల్లగా పెంచండి," అన్నారు. తర్వాత కూర్చోబెట్టి, ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు. పాదాల కింద నేల తెలియనివ్వమన్నారు. చుక్కలు కనపడితే కనపడనివ్వండి, వాటితో పోట్లాడకండి, వాటి కోసం వెతకనూ వద్దు అన్నారు.

పానకాలరావు శ్రద్ధగా కూర్చునేవాడు. లేచిన మరుక్షణం మాత్రం తెల్లగోడ వైపు చూసేవాడు. చూసి, "తగ్గలేదండీ," అనేవాడు. ప్రతి శనివారం నమస్కారానికి బదులు అదే మాట. "ఇంట్లో కూడా ఇంతేనండీ," అంది వెంట వచ్చిన సౌభాగ్యం. "లేవగానే పైకప్పు చూస్తారు. అన్నం వడ్డిస్తే మజ్జిగలో చూస్తారు. పాపకి జ్వరమొచ్చి ఒళ్ళో పడుకుంటే, దాని తెల్ల గౌను మీద చూస్తూ కూర్చున్నారు. పిల్ల ముఖం చూడలేదు." ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె గొంతు పెరిగింది.

ఇలా కొన్ని వారాలు గడిచాక, ఒక శనివారం పొద్దున అతను చాప మీద నుంచి దిగ్గున లేచాడు. "కళ్ళు మూసుకుని కూర్చోవడానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో పడుకుంటే సరిపోదూ! ఒక్కటంటే ఒక్క చుక్క కూడా తగ్గలేదు. అసలివి ఎప్పుడు పోతాయో చెప్పండి!" అని కేకలు వేశాడు. అది అతను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న. దాక్షాయణమ్మగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. పాలు పొయ్యి మీద పెట్టారు. ఆమెకూ ఒళ్ళు మండుతోంది.

ఆ కేకలకు లోపలి గదిలోంచి ఆమె అత్తగారు సూరమ్మగారు గోడ పట్టుకుని బయటికొచ్చారు. ఆవిడకు తొంభై దాటాయి. ఆ ఏడాది ఆవిడది ఒకటే పట్టు: తాను పోయాక గోడకు తగిలించి దండ వేసే ఫొటో ఏదో తాను బతికుండగా చూసి, సరేననాలి. మనవలూ మనవరాళ్ళూ ఫోన్లలో తీసినవన్నీ తిరగ్గొట్టారు. "వీటిల్లో నేను అప్పుడే పోయినట్టున్నాను," అన్నారు.

"ఎవరే ఆ అరిచేది?"

"ఫొటోగ్రాఫరు, అత్తయ్యా," అన్నారు దాక్షాయణమ్మగారు పొంగుతున్న పాలు దించుతూ. అనేశాక నాలుక కరుచుకున్నారు.

ఇక్కడ ఆమె మా వైపు చూసి, "నేనేదో ఆలోచించి చేశానని మీరు అనుకోకండి. పాలు పొంగుతున్నాయి, నోరు జారింది, అంతే," అన్నారు.

సూరమ్మగారు అప్పటికే హాల్లోకి వచ్చేశారు. "అబ్బాయ్, నాకొక ఫొటో తియ్యి," అన్నారు. పానకాలరావు తాను ఆ పని మానేశానన్నాడు. కెమెరా కూడా తేలేదన్నాడు. సౌభాగ్యం తల వంచుకుని, "ఉందండీ, నా సంచిలో," అంది. ఆ సాయంత్రం విజయవాడ వెళ్ళి దాన్ని అమ్మేద్దామని అతనే పెట్టించాడు. ఆ సంగతి అంతవరకూ దాక్షాయణమ్మగారికి చెప్పలేదు. హాల్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"అమ్మేటప్పుడు అమ్ముకుందువు గాని. ముందు నన్ను తియ్యి," అన్నారు సూరమ్మగారు, కుర్చీ పెరట్లోకి వేయిస్తూ. అతను నల్ల కళ్ళద్దాలతోనే గడప దాటాడు. ఆవిడ పరిశీలనగా చూసి, "ఏమే దాక్షాయణీ, కళ్ళు లేనివాణ్ణి తెచ్చావుటే నాకు ఫొటో తియ్యడానికి? ఆ అద్దాలు తీస్తేనే నేను కూర్చుంటాను," అన్నారు. పానకాలరావు పళ్ళు బిగబట్టి అద్దాలు తీశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గడపలోనే నిలబడి, పాదాలు నేలకు ఆనించి, నాలుగైదు సార్లు ఊపిరి పీల్చి వదిలాడు. అన్ని వారాలుగా నేర్చుకున్నది అక్కరకొచ్చినట్టుందని సౌభాగ్యం అనుకుంది. ఆ మాట తర్వాతెప్పుడో చెప్పింది.

సూరమ్మగారు నడి ఎండలో కూర్చున్నారు. ఎండలో అయితే తెల్లగా పడతానని ఆవిడ నమ్మకం.

"అక్కడ కాదమ్మా. ఈ ఎండకి కళ్ళ కింద గుంటలు పడతాయి. వసారా అంచుకి రండి."

"నాకు ఎండే కావాలి."

"ఎండలో తీస్తే మీరు వద్దన్న ఫొటోలాగే వస్తుంది!" అని గట్టిగా అరిచాడు. ఆవిడ లేచి వసారా అంచుకు వచ్చారు. వచ్చి కూర్చున్నారే గానీ కుదురుగా ఉండరు. ముక్కుపుడక సర్దుకుంటారు, పైట సర్దుకుంటారు, వంటింట్లో పిల్లి దూరిందేమోనని అటు తిరుగుతారు. అతను చిటికెలు వేశాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. ముఖానికి వెలుగు చాలడం లేదని, తీగ మీద ఆరేసిన తెల్ల పంచె తెచ్చి పట్టుకోమని దాక్షాయణమ్మగారికి పురమాయించాడు. ఆమె రెండు చేతులతో ఆ పంచె పరిచి పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చేతులు లాగుతున్నాయి. అతను ఒక కన్ను మూసి, కెమెరాలోంచి చూస్తూ అన్నాడు:

"ఆ పంచె మీదంతా చుక్కలు కుతకుత ఉడుకుతున్నాయండీ. ఆవిడ ముఖం మీద కూడా. కొంచెం కిందికి దించండి, గడ్డం కింద వెలుగు కావాలి. ఆ... అక్కడే."

దాక్షాయణమ్మగారు పంచె కిందికి దించారు. సరిగ్గా అప్పుడు సూరమ్మగారు కోడలి అవస్థ చూసి, "ఇన్నేళ్ళకు నాకో పని చేసిపెట్టావే," అని ఒక పక్కగా నవ్వారు. కెమెరా టక్కుమంది.

చిన్న తెర మీద ఆ ఫొటో చూపిస్తే ఆవిడ చాలాసేపు చూశారు. "ముక్కు పెద్దగా పడింది," అన్నారు. తర్వాత ఇంకాసేపు చూసి, "కానీ నేనే," అన్నారు. చూపు ఆనని ఆ కళ్ళతో అంతసేపు ఏం చూశారో తెలియదు. కెమెరా మాత్రం చేతిలోంచి వదల్లేదు.

పానకాలరావుకు ఆ మధ్యాహ్నం తలనొప్పి వచ్చింది. లోపలి గదిలో తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకున్నాడు. లేచాక దాక్షాయణమ్మగారి దగ్గరికి వచ్చి, "తగ్గలేదండీ," అన్నాడు.

"తెలుసు. మీరే చెప్పారుగా, ఉడుకుతున్నాయని," అన్నారామె. "చెప్పి, పంచె దించమన్నారు."

ఆ సాయంత్రం వాళ్ళు విజయవాడ వెళ్ళలేదు. సౌభాగ్యం సంచి భుజాన వేసుకుని తిన్నగా మంగళగిరి బస్సెక్కింది.

ఆ తర్వాతేమీ సాఫీగా జరగలేదు. ముందు వంటింటి కిటికీ కాగితం ఒక్కటే చింపాడు. వారం తిరక్కుండా ఎండ తన కళ్ళకు పడటం లేదని మళ్ళీ అంటించబోతే, సౌభాగ్యం ఆ కాగితం లాక్కుని పొయ్యిలో పెట్టింది. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. పొద్దున సాధన మాత్రం మానలేదు. పాప పక్కన కూర్చుని హోంవర్కు చూసేటప్పుడు తెల్ల కాగితం మీద చుక్కలు రేగేవి. రేగుతుండగానే కూడికలు దిద్దేవాడు. కొన్ని రోజులు అది కూడా చేతకాక లేచిపోయేవాడు. ఎండలోకి వెళ్ళేటప్పుడు టోపీ పెట్టుకునేవాడు, ఇంట్లో నల్లద్దాలు మానేశాడు. ముందు ఒక బారసాలకు వెళ్ళాడు, తర్వాత ఒక నిశ్చితార్థానికి. కళ్ళలోకి కొట్టే లైట్ల పని తోటివాడికి అప్పగించి, తాను ముఖాలు చూసుకునేవాడు. కొన్నాళ్ళకు శనివారాలు రావడం తగ్గించాడు. వచ్చినప్పుడు నమస్కారం పెట్టేవాడు.

"ఇక మా అత్తగారు," అన్నారు దాక్షాయణమ్మగారు నిట్టూర్చి. "నిక్షేపంలా ఉన్నారు. ఆ ఫొటో పాతబడిపోయిందట. మళ్ళీ ఆ అబ్బాయినే పిలవమని నా ప్రాణం తీస్తున్నారు."

మేము నవ్వాం. విమలాదేవి నవ్వలేదు. ఆమెకు కావలసింది ఇంకా దొరకలేదు.

"అది సరే మేడమ్. ఇంతకీ ఆయనకు చుక్కలు పోయాయా, లేదా?"

దాక్షాయణమ్మగారు ఖాళీ గ్లాసు తీసుకుని లేచారు.

"ఆయన్నే అడగమ్మా, నంబరిస్తాను. ఇవాళ మాత్రం చెయ్యకు. లగ్నాలున్నాయి, ఫోనెత్తడు."